కాల్‌టెక్‌లో రోజులెలా గడుస్తాయి: అపోహలు, వాస్తవాలు

విదేశాల్లో డిగ్రీ చదవాలనుకునే పిల్లలకు దరఖాస్తుల విషయంలో సలహాలివ్వడం నా వృత్తి. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే అందరూ కాల్‌టెక్ అనేది, పేరెత్తగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న "సీటు వస్తుందా అండీ?" అని. వందమంది దరఖాస్తు చేస్తే ముగ్గురు నలుగురికి మించి దక్కని సీటు కాబట్టి ఆ ఆత్రం సహజమే. సీటు వచ్చాక నాలుగేళ్లు అక్కడ ఎలా ఉండాలో అడిగేవాళ్లు మాత్రం అరుదు. అది తమకు తెలిసిన సంగతేనని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాల్లో తరచుగా నా చెవిన పడేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అది అమెరికాలో ఉన్న ఐఐటీ.

ప్రవేశం దొరకడం కష్టమన్న ఒక్క విషయంలోనే ఆ పోలిక కుదురుతుంది. లాస్ ఏంజెలెస్ పక్కనున్న పాసడీనాలో 124 ఎకరాల్లో ఉంటుంది కాల్‌టెక్. ఖరగ్‌పూర్ ఐఐటీ ప్రాంగణం రెండు వేల ఎకరాలకు పైమాటే. 1891లో ఏమోస్ త్రూప్ అనే ఆయన పెట్టిన చిన్న విద్యాసంస్థకు 1920లో ఇప్పటి పేరు వచ్చింది. ఇన్నేళ్లయినా దాన్ని కావాలనే చిన్నదిగా ఉంచారు. బ్యాచిలర్ డిగ్రీ విద్యార్థులు నాలుగేళ్లవాళ్లూ కలిపి సుమారు వెయ్యిమంది. మన దగ్గర కొన్ని ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒక్క కంప్యూటర్ సైన్స్ బ్రాంచిలోనే ఏటా అంతమంది చేరుతున్నారు. అక్కడ ప్రతి ముగ్గురు విద్యార్థులకు ఒక ప్రొఫెసర్ చొప్పున ఉంటారు. వెనక బెంచీలో కూర్చుని నాలుగేళ్లు ఎవరి కంటా పడకుండా దాటేయడం ఆ లెక్కలో కుదరదు.

శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ సతీశ్ ధవన్ 1951లో పీహెచ్‌డీ చేసింది ఇక్కడే. ఆ పేరు చెప్పగానే తండ్రుల ముఖాలు వెలిగిపోతాయి. అయితే ఆయన అక్కడ పరిశోధక విద్యార్థి. పద్దెనిమిదేళ్లకు వెళ్లే మీ అమ్మాయి అనుభవం వేరుగా ఉంటుంది.

అపోహ: ఇక్కడ మొదటి ర్యాంకు తెచ్చుకున్నవాడు అక్కడా మొదటే ఉంటాడు.

అక్కడికి వచ్చే ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒక చోట మొదటివాళ్లే. ఇంతమంది మొదటివాళ్లను ఒక గదిలో కూర్చోబెడితే సగంమంది సగటుకన్నా కింద ఉంటారు. పద్దెనిమిదేళ్లు 'మనవాడు టాపర్' అని విన్న పిల్లవాడు ఈ మామూలు లెక్కను తన విషయంలో ఒప్పుకోవడానికి చాలా బాధపడతాడు. ఈ దెబ్బ తగులుతుందని సంస్థకు ముందే తెలుసు. అందుకే మొదటి ఏడాది మొదటి రెండు టర్ముల్లో గ్రేడ్లుండవు, పాసా ఫెయిలా అన్నదే రాస్తారు. "అంటే ఆ ఆరు నెలలు ఖాళీయేనా?" అని ఒక తండ్రి నన్నడిగారు. ఖాళీ కాదండీ, అది నేర్చుకునే గడువు. రాని లెక్కతో కుస్తీ పట్టడం, రాలేదని పక్కవాడికి చెప్పడం, ప్రొఫెసర్ గది తలుపు తట్టడం ఆ నెలల్లోనే అలవాటు కావాలి.

చదువు భారం కాగితం మీదే కనిపిస్తుంది. డిగ్రీకి 486 యూనిట్లు కావాలి. తొమ్మిది యూనిట్ల కోర్సు అంటే తరగతి, ల్యాబు, ఇంటిపని అన్నీ కలిపి వారానికి తొమ్మిది గంటలని అర్థం. ఏడాదికి మూడు టర్ముల చొప్పున పన్నెండు టర్ములకు పంచితే వారానికి నలభై గంటలు దాటుతుంది. ఇది కాగితం మీది లెక్క. వారంవారం ఇచ్చే సమస్యల చిట్టాలను విద్యార్థులు 'సెట్లు' అంటారు. ఒక్కో సెట్టు ఆ తొమ్మిది గంటల హద్దును లక్ష్యపెట్టదు.

ఈ సెట్లను ఒంటరిగా చేయగలనని పంతం పట్టేవాళ్లే ముందు దెబ్బతింటారు. చాలా కోర్సుల్లో తోటివాళ్లతో చర్చించడానికి అనుమతి ఉంది, జవాబు మాత్రం ఎవరికి వారు తమ అవగాహనతో రాయాలి. అర్ధరాత్రి నలుగురు బోర్డు చుట్టూ చేరి వాదించుకోవడం అక్కడ చదువులో భాగం. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో పక్కవాడి నోట్సు అడిగితే దాచిపెట్టే వాతావరణంలో రెండేళ్లు గడిపిన పిల్లలకు గణితంకన్నా ఇదే కష్టంగా ఉంటుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలను నేను ర్యాంకుకన్నా ముందు ఒకటి అడుగుతాను: "నీకు రాని లెక్కను చివరిసారి ఎవరిని అడిగావు?" చాలామంది తడుముకుంటారు.

అపోహ: ఇన్విజిలేటర్ లేకపోతే అందరూ కాపీ కొడతారు.

ఫ్లయింగ్ స్క్వాడ్లు, హాల్లో సీసీ కెమెరాలు చూసి పెరిగినవాళ్లకు ఇది నమ్మశక్యంగా ఉండదు. కాల్‌టెక్‌లో ప్రశ్నపత్రం గదికి తీసుకెళ్లి రాసే పరీక్షల సంప్రదాయం ఉంది. 'మూడు గంటల్లో రాయాలి, పుస్తకం చూడకూడదు' అని పైన ఉంటుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో విద్యార్థి ఇష్టం. గడియారం చూసుకునేది అతడే, సమయం కాగానే కలం ఆపేదీ అతడే.

దీనికి ఆధారం హానర్ కోడ్. అది ఒకే ఒక్క వాక్యం: కాల్‌టెక్ సమాజంలోని ఏ సభ్యుడూ మరో సభ్యుడి మీద అన్యాయంగా పైచేయి పొందకూడదు. ఏది నిషిద్ధమో చెప్పే పొడవాటి జాబితా ఆ వాక్యంలో లేదు. చేసే పని ఇతరులకు అన్యాయమా కాదా అని ఎవరికి వారు ఆలోచించుకోవాలి. అనుమానం వస్తే, డిగ్రీ విద్యార్థుల విషయంలో విచారించేది విద్యార్థులే నడిపే బోర్డ్ ఆఫ్ కంట్రోల్. శిక్షకన్నా ముందు వాళ్లు చూసేది అన్యాయంగా వచ్చిన లాభాన్ని ఎలా తీసేయాలన్నది.

అక్కడ ఎవరూ తప్పు చేయరని నేను అనను. వెయ్యిమందే ఉన్న చోట నమ్మకం పోగొట్టుకుంటే మళ్లీ ఎవరి కళ్లలోకి చూసి మాట్లాడాలన్న జంకు ఉంటుంది. ఈ పద్ధతి నిలబడటానికి సంస్థ అంత చిన్నదిగా ఉండటం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. ఈ నమ్మకానికి ప్రతిఫలమూ ఉంది: రాత్రివేళ కూడా ల్యాబుల్లోకి, వర్క్‌షాపుల్లోకి వెళ్లి పని చేసుకునే స్వేచ్ఛ దొరుకుతుంది.

అపోహ: హాస్టల్ అంటే పడుకునే చోటు.

అక్కడ వాటిని హౌస్‌లు అంటారు. ఎవరీ, బ్లాకర్, డాబ్నీ, ఫ్లెమింగ్, లాయిడ్, పేజ్, రికెట్స్, వెనరబుల్ అని ఎనిమిది. 2018లో తెరిచిన బెక్టెల్ అనే నివాసం వీటికి అదనం. ఒక్కో హౌస్‌కు ఒక్కో స్వభావం, సొంత ఆచారాలు, గోడల మీద సొంత బొమ్మలు ఉంటాయి. కొత్తవాళ్లు అన్ని హౌస్‌లూ తిరిగి, భోజనాలు చేసి, ఎక్కడ ఇమడగలరో చూసుకునే ప్రక్రియను రొటేషన్ అంటారు. తరవాత రాత్రి భోజనం హౌస్ వాళ్లంతా కలిసి చేయడం రివాజు. మొదటి ఏడాది పిల్లవాడు నాలుగో ఏడాది వాళ్ల పక్కన కూర్చుని ఏ కోర్సు ఎప్పుడు తీసుకోవాలో వింటాడు. ఏ వెబ్‌సైటూ ఇవ్వలేని సలహా అది. వార్డెన్, స్టడీ అవర్ లాంటివి ఉండవు.

అపోహ: పుస్తకాల పురుగులు, సరదా తెలియదు.

1961 జనవరి 2న రోజ్ బౌల్ ఫుట్‌బాల్ ఆటలో వాషింగ్టన్ జట్టు అభిమానులు రంగు కార్డులెత్తి అక్షరాలు చూపించే కార్యక్రమం పెట్టుకున్నారు. కాల్‌టెక్ విద్యార్థులు ముందుగానే ఆ సూచనల కాగితాలు మార్చేశారు. దేశమంతా టీవీలో చూస్తుండగా వాషింగ్టన్ అభిమానులే 'కాల్‌టెక్' అని ఎత్తి చూపించారు. ఆ రోజు కాల్‌టెక్ అసలు ఆటలోనే లేదు! 2006లో ఎంఐటీ వాళ్లు సామాన్లు తరలించేవాళ్లలా వేషం కట్టి ఫ్లెమింగ్ హౌస్ ఫిరంగిని దేశానికి ఆ చివరనున్న తమ క్యాంపస్‌కు పట్టుకెళ్లారు. కాల్‌టెక్ వాళ్లు వెళ్లి తెచ్చుకున్నారు, బదులుగా ఒక బొమ్మ ఫిరంగి వదిలి వచ్చారు.

ఏడాదికోసారి ముందుగా చెప్పకుండా 'డిచ్ డే' వస్తుంది. ఆ రోజు ఆఖరి ఏడాది వాళ్లు క్యాంపస్ వదిలి పోతారు, జూనియర్ల కోసం నెలల తరబడి తయారుచేసిన చిక్కుముళ్లు వదిలి వెళ్తారు. తరగతులు రద్దు. పరీక్షల వారంలో ఉదయం 7 గంటలకు హౌస్‌లలో జర్మన్ స్వరకర్త వాగ్నర్ బాణీ 'రైడ్ ఆఫ్ ది వాల్కిరీస్' హోరెత్తుతుంది. మిగతా రోజుల్లో దాన్ని మోగించడం నిషిద్ధం.

ఆటలూ ఉన్నాయి, గెలుపు మీద ఆశే తక్కువ. పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు తన లీగ్‌లో 1985 నుంచి వరసగా 310 ఆటలు ఓడి, 2011 ఫిబ్రవరిలో ఆక్సిడెంటల్ కాలేజీ మీద 46-45తో గెలిచింది. అన్నేళ్లూ జట్టును మూసేయకపోవడం నాకు నచ్చుతుంది.

అపోహ: సైన్స్ తప్ప ఇంకేమీ ఉండదు.

చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం వంటి వాటిలో మొత్తం పన్నెండు కోర్సుల బరువు తప్పనిసరి. వ్యాయామ విద్య కూడా. పెద్ద వ్యాసం రాయడం రానివాళ్లు ఇక్కడ ఉండగానే నేర్చుకోవాలి.

అపోహ: పరిశోధన పీహెచ్‌డీ వాళ్ల పని.

1979 నుంచి సర్ఫ్ అనే వేసవి కార్యక్రమం నడుస్తోంది. ఒక ప్రొఫెసర్‌ను ఒప్పించి, సొంతంగా ప్రతిపాదన రాసి, పది వారాలు పనిచేసి, ఫలితాలు నలుగురి ముందు వివరించాలి. దానికి స్టైపెండ్ కూడా ఇస్తారు. మొదటి ఏడాది ముగియగానే చేరేవాళ్లున్నారు. కాల్‌టెక్ నిర్వహించే నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో చేయాలంటే విదేశీ విద్యార్థులకు అదనపు అనుమతులు కావాలి. 'అక్కడ సీటొస్తే నాసాలో చేరినట్టే' అని బంధువులకు చెప్పేముందు ఇది గుర్తుంచుకోవాలి.

అపోహ: చిన్నది కాబట్టి అన్నీ వాళ్లే చూసుకుంటారు.

చిన్నదిగా ఉండటంలో ఇబ్బందులూ ఉన్నాయి. మనసుపడిన కోర్సు ఆ ఏడాది ఉండకపోవచ్చు. స్నేహం చెడితే అదే మనిషి రాత్రి భోజనాల బల్ల దగ్గర ఎదురుగా ఉంటాడు. చదువు తప్ప వేరే మాట వినాలనిపించిన రోజున క్యాంపస్ దాటి వెళ్లాల్సిందే.

తల్లిదండ్రులను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి. ఇక్కడ వారాంతపు పరీక్ష మార్కులు తండ్రి ఫోనుకు మెసేజ్‌గా వస్తాయి. అమెరికాలో 1974 నాటి చట్టం ప్రకారం కాలేజీ విద్యార్థి విద్యా రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. సాధారణంగా అతడి అనుమతి లేనిదే గ్రేడ్లు ఇంటికి చెప్పరు, ఫీజు మీరే కట్టినా సరే. కౌన్సెలర్లు, డీన్లు ఉన్నారు, వాళ్ల గడప తొక్కాల్సింది మాత్రం పిల్లలే. కాబట్టి విమానం ఎక్కించే ముందు ఏ విషయాలు ఇంట్లో చెప్పాలి, ఫెయిలైతే ఎవరికి ఫోను చేయాలి అన్నది కూర్చుని మాట్లాడుకోండి. ఆ మాటలు నా ఆఫీసులో, నా ఎదుట జరగనక్కర్లేదు.