సగానికి కోస్తే పై స రాదు

కడపలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలకు జైలోఫోన్, అంటే చెక్క పట్టీలను పుల్లలతో కొట్టి వాయించే వాద్యం, చేసి చూపిద్దామని వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలు పట్టుకెళ్లాను. ముప్పై సెంటీమీటర్ల పట్టీకి రెండు కొసల కింద ఇటుకలు పెట్టి కొట్టాను. దబ్బుమంది. ఎవరో తలుపు తట్టినట్టుంది తప్ప స్వరం లేదు. వెనక వరసలో నవ్వులు.

తప్పు చెక్కది కాదు, నేను ఇటుకలు పెట్టిన చోటుది. కొట్టగానే పట్టీ విల్లులా వంగుతుంది. నడుమ కిందికి పోతే కొసలు పైకి లేస్తాయి, వెంటనే అటుదిటు. ఈ ఊపులో కదలని చోట్లు రెండే. పట్టీ అంతటా ఒకే మందం ఉంటే అవి ఒక్కో కొస నుంచి పొడవులో 22.4 శాతం దూరంలో ఉంటాయి. మా పట్టీకి 6.7 సెంటీమీటర్లు. లెక్క వద్దనుకుంటే ఉప్పు చాలు. పట్టీని స్పాంజి ముక్కల మీద పెట్టి, సన్నటి ఉప్పు చల్లి, నడుమ తడుతూ ఉంటే గింజలు ఎగిరెగిరి ఆ రెండు చోట్లా గీతల్లా చేరతాయి. పిల్లలు స్పాంజిలను ఆ గీతల కిందికి జరిపి కొట్టారు. ఈసారి టొంగుమని మోగింది. దాన్నే మా స అనుకున్నాం.

"సగానికి కోస్తే పై స వస్తాది కదా సార్?" అందొక పాప.

వీణ తీగకైతే అంతే, సగం పొడవుకి కంపనాల వేగం రెండింతలై పై స పలుకుతుంది. తీగను బిగువు లాగుతుంది. చెక్కను దాని బిరుసే వెనక్కి తెస్తుంది. పొట్టి చెక్కను వంచడం మరీ కష్టం కాబట్టి పొడవు సగమైతే కంపనాల వేగం నాలుగింతలవుతుంది. పై స దాటి ఆ పై స పలుకుతుంది. మాకు కావలసిన పై స కోసం 21.2 సెంటీమీటర్ల దగ్గర కోయాలి, ప కోసం 24.5 దగ్గర. కాస్త ఎక్కువ కోసేసినా కంగారు లేదు. పట్టీ అడుగున నడుమ భాగం చెక్కి పల్చన చేస్తే శ్రుతి దిగుతుంది.

వాయించడం నేర్పేటప్పుడు నాకు నచ్చే కిటుకు జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్‌ది. ఊడదీసి పెట్టుకునే పట్టీలతో, ముందు కొన్ని స్వరాలే పిల్లల ముందుంచడం. మ, ని తీసేస్తే మిగిలేది మన మోహన రాగం: స రి గ ప ద. గ–మ, ని–స లాంటి అర్ధస్వరం ఎడం (స్వరాల మధ్య అతి చిన్న ఎడం) ఉన్న జంటలే ఉండవు కాబట్టి నలుగురు ఒకేసారి ఇష్టమొచ్చినట్టు కొట్టినా చెవిని గీరదు. పుల్లను మాత్రం వేడి పెనం తగిలినట్టు వెంటనే లాగాలి. అదిమితే మోత చచ్చిపోతుంది.

"ఎర్రచందనంతో చేస్తే సార్?" అన్నాడొకడు. ఆ మాట బయట అనకురా అన్నాను. కొయ్య మారితే శ్రుతి మారుతుంది గానీ కదలని చోటు మారదు, కావాలంటే బండతో చూడమన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాడు గోడ పక్కనుంచి పొడుగాటి కడప బండ ముక్కొకటి మోసుకొచ్చాడు. స్కేలు అడగలేదు, వంటగదికెళ్లి ఉప్పు తెచ్చుకున్నాడు.