గర్భిణికి బీపీ: రక్తంలో మాయ పంపే కబురు

ఏడో నెల నడుస్తున్న తన చెల్లెలికి బీపీ 150/100 చూపించిందని, డాక్టరు మూత్రపరీక్షతోపాటు ‘ఎస్ఎఫ్ఎల్‌టీ-1, పీఎల్‌జీఎఫ్ నిష్పత్తి’ అనే రక్తపరీక్ష కూడా రాశారని ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ‘బీపీ ఉందని మెషీనే చెప్పింది కదా, ఇంకా రక్తంలో చూడ్డానికేముంది?’ అని ఆవిడ ప్రశ్న.

చాలా ఉంది. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, దానికితోడు మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కాలేయం లేదా కిడ్నీలు దెబ్బతినడమో కనిపిస్తే ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా, పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది దాన్నే. అయితే ఈ బీపీ పుట్టేది గుండెలో కాదు, మాయలో (ప్లాసెంటాలో). అసలు బిడ్డే ఏర్పడకుండా మాయ కణజాలం మాత్రమే పెరిగే మోలార్ ప్రెగ్నెన్సీలో కూడా ఇది వస్తుంది!

తొలి నెలల్లో మాయ కణాలు గర్భాశయపు సన్నటి ధమనుల్లోకి చొచ్చుకుపోయి వాటిని వెడల్పు చేయాలి. ఆ పని అరకొరగా జరిగితే మాయకు రక్తం చాలదు. అప్పుడది ఎస్ఎఫ్ఎల్‌టీ-1 అనే ప్రొటీన్‌ను తల్లి రక్తంలోకి విపరీతంగా వదులుతుంది.

ఇక్కడి నుంచే నాకు ఎంతో ఇష్టమైన భాగం. తల్లి రక్తనాళాల లోపలి పొర బాగుండాలంటే వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్ అనే ప్రొటీన్లు దానికి నిత్యం అందాలి. అవి తాళంచెవులు అనుకోండి. కణాల మీదుండే ఎఫ్ఎల్‌టీ-1 లాంటి గ్రాహకాలు తలుపు తాళాలు. చెవి తిరిగితే కణం నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, నాళం సడలుతుంది. ఎస్ఎఫ్ఎల్‌టీ-1 కూడా ఎఫ్ఎల్‌టీ-1 జన్యువు నుంచి తయారైన తాళమే, కానీ కణపొరలో నాటుకునే భాగం దానికి ఉండదు. ఏ తలుపుకూ బిగించని తాళమన్నమాట. రక్తంలో తేలుతూ తిరుగుతుంది. చెవి అందులో చక్కగా దూరి ఇరుక్కుపోతుంది, తెరుచుకునే తలుపు మాత్రం లేదు. ఇలాంటివి పెరిగేకొద్దీ అసలు తలుపులకు చెవులు కరువవుతాయి. నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. కిడ్నీ వడపోత దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోతుంది. మెదడు నాళాలకు తగిలితే తలనొప్పి, చూపు మసక, ఫిట్స్. ఒక్క కొరత ఇన్ని చోట్ల బయటపడుతుంది!

మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి, అప్పట్లో బోస్టన్‌లో పరిశోధన చేస్తుండిన అనంత్ కరుమంచి బృందం 2003లో ఎలుకల్లో ఈ ప్రొటీన్‌ను పెంచి చూసింది. బీపీ, మూత్రంలో ప్రొటీన్ రెండూ వచ్చాయి, గర్భం లేని ఎలుకల్లో సైతం. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే క్యాన్సర్ మందు బెవసిజుమాబ్ వాడేవారిలోనూ ఇవే రెండూ కనిపిస్తుంటాయి. ఇంకో ఆధారం: ఎఫ్ఎల్‌టీ-1 జన్యువు 13వ క్రోమోజోమ్ మీద ఉంది. బిడ్డకు ఆ క్రోమోజోమ్ మూడు ప్రతులుంటే తల్లికి ప్రీఎక్లాంప్సియా ముప్పు పెరుగుతుంది.

ఇంత స్పష్టంగా కారణం కనిపిస్తున్నా, ఫిట్స్ వచ్చిన గర్భిణికి గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఆలస్యం చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. నాకు బాధనిపించేది అదే. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఫిట్స్ ముప్పును సగానికి తగ్గిస్తుంది.

ఇక పరీక్ష సంగతి. లక్షణాలు కనిపించడానికి సుమారు 5 వారాల ముందే ఎస్ఎఫ్ఎల్‌టీ-1 పెరగడం మొదలవుతుందని 2004లో తేలింది. పీఎల్‌జీఎఫ్ అంతకన్నా ముందే తగ్గుతుంది. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, అనుమానం ఉన్న గర్భిణికి ఈ రెండింటి నిష్పత్తి 38 లేదా అంతకు తక్కువుంటే, వారంలోపు ప్రీఎక్లాంప్సియా రాదని 99.3 శాతం నమ్మకంగా చెప్పవచ్చు. 38 దాటితే మాత్రం నాలుగు వారాల్లో జబ్బు వచ్చింది 36.7 శాతం మందికే. అంటే ఈ పరీక్ష బలం భయపెట్టడంలో కంటే ఎవరిని నిశ్చింతగా ఇంటికి పంపవచ్చో చెప్పడంలో ఉంది. అయినా బీపీ చూసుకోవడం మానకూడదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే రిపోర్టు ఎలా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

బిడ్డలో క్రోమోజోమ్ లోపాల ముప్పు చూడ్డానికి మూడో నెలలో చేసే డబుల్ మార్కర్ పరీక్ష రక్తంలోనే పీఎల్‌జీఎఫ్‌ను కూడా కొలవవచ్చు. దానికి బీపీ, గర్భాశయ ధమనుల్లో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ కలిపి ముప్పు లెక్కగడతారు. ముప్పు ఎక్కువున్నవారికి రాత్రిపూట 150 మి.గ్రా. ఆస్పిరిన్ ఇస్తే, 37 వారాలలోపు కాన్పు చేయాల్సివచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గిందని 2017 అధ్యయనం చూపింది. డాక్టరు చెబితేనే వాడాలి, అదీ 16వ వారంలోపే మొదలుపెట్టాలి. ఎందుకంటే ధమనులు వెడల్పయ్యే పని దాదాపు 20వ వారానికి ముగిసిపోతుంది.