తత్త్వం, నాటకం, ఊరి సంఘం: మనోచికిత్సపై అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో మనోచికిత్స చేస్తున్న నేను తత్త్వశాస్త్రం చదివానని, నాటకాలు ఆడిస్తానని, రైతు సంఘాలతో పనిచేస్తానని చెబితే, అవి నా తీరిక వేళల వ్యాపకాలని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి లేకుండా ఈ జిల్లాలో నా వృత్తి సాగదు.

అపోహ: తత్త్వం చదివినవారు నీతులు చెబుతారు.

వాస్తవం: 1950లలో అమెరికన్ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్ రూపొందించిన మానసిక చికిత్సకు, మనల్ని కలవరపెట్టేది సంఘటనలు కాదు, వాటిపై మన అభిప్రాయాలేనన్న ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త ఎపిక్టెటస్ ఆలోచన ఒక మూలం. అప్పు తీర్చలేనివాడు బతికి ఏం లాభమని అడిగే రైతుకు నేను ధైర్యవచనాలు చెప్పి పంపను. అప్పుకూ తన విలువకూ ఆయన వేసుకున్న ముడి ఎప్పుడు పడిందో ఆయనే వెతుక్కునేలా ప్రశ్నలు అడుగుతాను.

అపోహ: నాటక చికిత్సకు నటన రావాలి, ఏడిస్తే బరువు దిగిపోతుంది.

వాస్తవం: బళ్ళారి రాఘవలా నటించమని మేము ఎవరినీ అడగము. మానసిక వైద్యుడు జేకబ్ మొరీనో వియన్నాలో బీజం వేసిన సైకోడ్రామా అనే నాటక చికిత్సలో కోడలు అత్త స్థానంలో కూర్చుని అత్తగా మాట్లాడుతుంది, తన మాటలు మరొకరి నోట వింటుంది. ఏడుపు రావచ్చు, కానీ పని అక్కడితో అయిపోదు. ఆ తరువాత బృందంలోని వారు సలహాలు ఇవ్వకుండా, ఆ సన్నివేశం తమ బతుకులో దేనిని తాకిందో చెప్పాలి. ఈ దశను ఎగరగొట్టి, ఏడిపించి ఇంటికి పంపే శిబిరాలు పుండును కెలికి వదిలేస్తున్నాయని నా అభిప్రాయం.

అపోహ: సంఘం పని చికిత్సకుల పని కాదు.

వాస్తవం: బోరు ఎండి, శెనక్కాయ పంట పోయి, వడ్డీ పెరుగుతున్న ఇంట్లో నిద్ర పట్టకపోవడాన్ని ఆ మనిషి లోపంగా మాత్రమే చూడడం అన్యాయం. మన పక్కనున్న బళ్ళారి జిల్లాలో 1980లలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన ప్రయోగమే, 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అయింది. మానసిక వైద్యం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా రావచ్చని అది చూపింది. నేను ఊళ్ళలో బ్రెజిల్‌కు చెందిన నాటక దర్శకుడు ఆగస్టో బోఆల్ పద్ధతిలో నాటకం ఆడిస్తాను. కథ చెడిపోయే చోట ఆపితే, చూసేవారిలో ఒకరు లేచి వచ్చి ఆ పాత్రను తీసుకుని, వడ్డీ వ్యాపారి ముందుకు ఒంటరిగా కాక నలుగురితో కలిసి వెళ్ళి చూస్తారు. అయితే చికిత్స గదిలో విన్న కథ పేరు మార్చి అయినా వేదిక ఎక్కదు.

అపోహ: ఇవన్నీ ఉంటే మందులు అక్కరలేదు.

వాస్తవం: తీవ్ర మనోవ్యాధిలో మానసిక వైద్యుల మందే ముందు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.