స్కానింగ్ రిపోర్టులో లేని కొలత

మా చెల్లెలికి తొమ్మిదో నెలలో కావలిలో స్కానింగ్ తీయించాం. రిపోర్టు చేతికి రాగానే మా పెద్దమ్మ అడిగిన మొదటి మాట, "దారి సరిపోద్దంటనా?" రిపోర్టంతా వెతికాను. బీపీడీ అని బిడ్డ తల వెడల్పు ఉంది, తొడ ఎముక పొడవు ఉంది, ఉమ్మనీరు ఎంతో ఉంది, బిడ్డ బయటికొచ్చే దారి, అంటే తల్లి నడుము కింది కటి ఎముకల గురించి మాత్రం ఒక్క అంకె లేదు.

అల్ట్రాసౌండ్ తరంగాలు ఎముకను దాటలేవు, తగిలి వెనక్కొచ్చేస్తాయి. కటి ఎముకల వలయం మొత్తం కొలవాలంటే ఎక్స్‌రే, సీటీ, లేదంటే ఎమ్మారై కావాలి. ఒకప్పుడు కడుపుతో ఉన్నవాళ్లకి ఎక్స్‌రే బాగానే తీసేవాళ్లు. 1956లో ఇంగ్లండులో ఆలిస్ స్టూవర్ట్ అనే డాక్టరు, క్యాన్సర్‌తో పోయిన పిల్లల తల్లుల్ని ఆరా తీస్తే, గర్భంతో ఉండగా పొట్టకు ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లు మామూలు కంటే ఎక్కువ మంది తేలారు. అప్పట్లో చాలామంది డాక్టర్లు నమ్మలేదు, అది వేరే కథ. ఎమ్మారైలో ఆ రేడియేషన్ లేదు, 1980ల నుంచి దాంతోనూ కొలుస్తున్నారు.

ఇంతకీ ఏం కొలుస్తారు? వలయం పైవాకిలి ముందునుంచి వెనక్కి సుమారు 11 సెంటీమీటర్లు, అడ్డంగా 13. మధ్యలో రెండువైపులా ముల్లులా పొడుచుకొచ్చే ఎముక మొనల మధ్య 10 కంటే కొంచెం ఎక్కువ. నెలలు నిండిన బిడ్డ తల వెడల్పు తొమ్మిదిన్నర అటూఇటూ. కాగితం మీద పట్టేస్తుంది. కానీ నవారు మంచాన్ని గుమ్మంలోంచి లోపలికి తెచ్చిన ఎవరికైనా తెలుసు, ఒకలా పెడితే పట్టదు, కాస్త వాల్చి తిప్పితే పట్టుద్ది. బిడ్డా అంతే, పైన అడ్డంగా దిగి కింద తల తిప్పుకుంటుంది, పుర్రె ఎముకలు కూడా ఒకదాని మీదికొకటి కొద్దిగా జరుగుతాయి. తల్లి గొంతుక్కూర్చుంటే కిందివాకిలి కాస్త విచ్చుకుంటుందని ఎమ్మారైలోనే చూశారు. అంటే పడుకోబెట్టి తీసిన అంకె నొప్పుల వేళ అంకె కాదు!

అందుకే అందరికీ కొలవరు. ఎక్స్‌రే కొలతల మీద జరిగిన పరీక్షల్ని కలిపి చూస్తే సిజేరియన్లు పెరిగాయి, బిడ్డలకు స్పష్టమైన మేలు మాత్రం కనపడలేదు. యూరప్‌లో కొన్నిచోట్ల ఎదురుకాళ్ల బిడ్డకి నార్మల్ కాన్పు చేయాలనుకున్నప్పుడు ఎమ్మారై కొలత చూస్తారు. మన దగ్గర తల్లి ఎత్తు 140 సెంటీమీటర్లకు తక్కువైతే జాగ్రత్తపడతారు, మిగతాది నొప్పులు మొదలయ్యాక తల ఎంత దిగుతోందో చూసి తేలుస్తారు.

నన్నడిగితే కొలత అసలు అక్కరకొచ్చేది కాన్పు తర్వాతే. పొత్తికడుపు కింద, ముందువైపు రెండు కటి ఎముకలు కలిసే చోట మామూలుగా 4, 5 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. గర్భంలో ఇంకో 2, 3 పెరగొచ్చు. 10 దాటితే కీలు విడిందని అనుమానిస్తారు. పక్క మీద అటు తిరగాలన్నా, మెట్టెక్కాలన్నా ప్రాణం పోతున్నట్టుంటే "పచ్చి బాలింతకి నొప్పులు మామూలే" అని కొట్టిపారేయకండి. ఈ సందు చర్మానికి దగ్గరే కాబట్టి అల్ట్రాసౌండుకీ దొరుకుతుంది.

మా చెల్లెలికి నార్మలే అయింది, కానీ మూడు వారాలు మంచం దిగాలంటే ఏడ్చేది. మళ్లీ తీసుకెళ్లాం. ఇంటికి రాగానే పెద్దమ్మ, "ఈసారన్నా కొలిచారా?"

"కొలిచారు పెద్దమ్మా, 8 మిల్లీమీటర్లంట. నడుముకి బెల్టు రాశారు."