నెల్లూరులో రాక్ ఏందన్నా? మైకు సెట్టువాడి అపోహలు - వాస్తవాలు

నా పని మైకు సెట్టు. పెళ్ళి, గృహప్రవేశం, ఎలక్షన్ మీటింగు, ఎవరు పిలిస్తే వాళ్ళకి టాపులూ బేసులూ (స్పీకర్ బాక్సులే) ఆటోలో వేసుకుపోయి మిక్సర్ దగ్గర కూర్చుంటా. రాక్ సంగీతం పిచ్చి మాత్రం నా సొంతం. నాలుగేళ్ళుగా నెల్లూరు, కావలి, ఒంగోలు కుర్రాళ్ళు బ్యాండ్లు కట్టి ప్రోగ్రాములు పెడుతుంటే డీజిల్ డబ్బులిస్తే చాలని పోతున్నా. మా ఇంట్లో దీనికి వేరే పేరుంది, అది ఇక్కడ రాయలేను. మిక్సర్ పక్కన నిలబడి జనం నాతో అనే మాటలకి, అక్కడ సౌండులో వినపడక సగమే చెప్పిన జవాబులు ఇవి.

అపోహ: రాక్ అంటే సౌండు పగిలిపోవాలి.

పగలాల్సింది గిటార్ స్వరం, మన చెవి కాదు. డిస్టార్షన్ అంటే వాల్యూమ్ పెంచడం అనుకుంటారు. ఆంప్‌లోకి, అంటే గిటార్ సౌండుని పెంచే పెట్టెలోకి, పట్టనంత సిగ్నల్ పంపితే ఆ సిగ్నల్ అల నెత్తి కోసేసినట్టు చదునైపోతుంది, ఆ కోతలోంచి కొత్త స్వరాంశాలు పుడతాయి. అదే ఆ గరగర. పడగ్గదిలో 10 వాట్ల ఆంప్‌తో, పక్కింటావిడ సీరియల్‌కి అడ్డం రాకుండా కూడా అది వస్తుంది. రాక్‌లో ఎక్కువగా వాయించే పవర్ కార్డ్ మనకి కొత్తేం కాదు, వట్టి స-ప. తంబురాలో మోగే జంటే. 3:2 నిష్పత్తి కాబట్టి ఎంత గరగరలోనైనా నిలబడుతుంది. దానికి గాంధారం కలిపి చూడండి, బురద అవుతుంది. అందుకే గాంధారాన్ని వదిలేశారు.

'బాక్సులు డబుల్ చెయ్యన్నా' అని అడిగేవాళ్ళకి ఒక లెక్క. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ (సౌండుని కొలిచే లెక్క). చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పదింతల పవర్ కావాలి. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలు. కల్యాణ మండపంలో డ్రమ్ముల ముందు 100 తేలిగ్గా దాటుతుంది. నేను చెవుల్లో దూది కాదు, ఇయర్ ప్లగ్గులు పెట్టుకుంటా. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

ఇంకోటి, మన మండపాల్లో సౌండు తక్కువై కాదు, గోడలకి కొట్టుకుని తిరిగొచ్చి పాట పాడవుతుంది. స్టేజీకి ఎదురుగా ఉన్న గోడకి షామియానా గుడ్డలు మడతలు మడతలుగా వేలాడదీస్తే, బాక్సు పెంచకుండానే మాట తేటపడుతుంది.

అపోహ: ఇది డబ్బున్న పిల్లల ఇంగ్లీషు మోజు.

ఒంగోలులో నేను సౌండు చేసిన డ్రమ్మర్లలో చాలామంది చర్చిలో నేర్చుకున్నవాళ్ళే. ఆదివారం ఆరాధనలో డ్రమ్ కిట్, బేస్ గిటార్, కీబోర్డు ఉంటాయి. వారం వారం జనం ముందు వాయించే అవకాశం ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వదు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో వచ్చింది, ఒంగోలులో 1866లో. మోజు అనుకుంటే మరీ పాత మోజు అది. ఇంకొందరు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల నుంచి వచ్చారు. ఆ దారీ చిన్నదేం కాదు: మా నెల్లూరు బాలు గారు సినిమాల్లో పేరు రాకముందు నడిపిన ట్రూపులో ఇళయరాజా హార్మోనియం, గిటార్ వాయించేవారు.

అపోహ: ఖరీదు గిటార్ లేకపోతే సౌండు రాదు.

తీగలు మార్చండి ముందు. సముద్రపు గాలికి, అక్టోబరు-నవంబరు తేమకి మన దగ్గర తీగ తొందరగా తుప్పు పడుతుంది. వాయించాక పొడి గుడ్డతో తుడిస్తే చాలు. సగం మంది తుడవరు, చెన్నై బండెక్కి కొత్త గిటార్ కొనుక్కొస్తారు.

అపోహ: తెలుగులో రాక్ కుదరదు, మన మాటలన్నీ అచ్చుతో ముగుస్తాయి.

ఈ మాట సంగీతం తెలిసినవాళ్ళే అంటారు, అదీ నా బాధ. మలయాళంలో అవియల్ బ్యాండు చేసి చూపించింది, హైదరాబాదులో చౌరస్తా బ్యాండు తెలుగులోనే జనాన్ని ఊపింది. అసలు చిక్కు అచ్చుతో కాదు. ఇంగ్లీషు పాట విని, వాళ్ళు నొక్కి పలికే ఊనికల్లో తెలుగు మాటలు దూర్చడంతో. మనకి ఊనిక కంటే ముఖ్యం గురులఘువులు, అంటే సాగే అక్షరాలూ పొట్టి అక్షరాలూ. సాగే అక్షరం మీద డ్రమ్ము దెబ్బ పడాలి. పొట్టి అక్షరం మీద పడితే మాట కుంటుతుంది.

ఒకసారి రిహార్సల్‌లో కళ్ళారా చూశా. పాటగాడు ఒక లైను రాసుకొచ్చాడు: 'ఎండిపోయిన పెన్నలోపల'. డ్రమ్మర్ మామూలు నాలుగు లెక్కలో కొడుతున్నాడు. ప్రతిసారీ 'పెన్న' దగ్గర పాట జారిపోతోంది. అరగంట పోయింది. ఒకరి మీద ఒకరు విసుక్కున్నారు, లైను మార్చేద్దాం అన్నారు. టీ తెచ్చిన కుర్రాడిది కొండాపురం వైపు పల్లె, చెక్కభజన ఆడతాడు. ఫ్లాస్కు కింద పెట్టి తొడ మీద కొట్టి చూపించాడు: 'తకిట తకధిమి, తకిట తకధిమి. అది ఏడు లెక్కన్నా, మీరు నాలుగు కొడతా ఉండారు.' మాత్రలు లెక్కపెట్టండి (పొట్టి అక్షరానికి ఒకటి, సాగేదానికి రెండు; సున్నా ఉన్నదీ, జంట అక్షరం ముందున్నదీ సాగేదే): ఎండి మూడు, పోయిన నాలుగు, పెన్న మూడు, లోపల నాలుగు. ముత్యాల సరం నడక, మిశ్రగతి, అంటే మూడూ నాలుగూ కలిపి ఏడు. డ్రమ్మర్ కిక్‌ని (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) 'ఎం' మీద, స్నేర్‌ని (ముందుండే చిన్న డ్రమ్ము) 'పో' మీద పెట్టాడు. రెండు నిమిషాల్లో పాట లేచి నిలబడింది. ఏడు లెక్క బయట దేశాల రాక్‌లో కష్టమైన విద్య అని పేరు. మా దగ్గర ఫ్లాస్కు మోసే పిల్లోడికి వచ్చు.

అపోహ: గిటార్ జుయ్ మంటే మైకు సెట్టువాడిదే తప్పు.

సరే, కొన్నిసార్లు నాదే. కానీ ముందు ఒక పరీక్ష చెయ్యండి. గిటార్ తగిలించుకుని నిలబడ్డచోటే మెల్లగా తిరగండి. తిరిగేకొద్దీ ఆ మోత పెరిగి తగ్గితే, అది పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే కాయిల్) పట్టుకున్న 50 హెర్ట్జ్ కరెంటు మోత. సింగిల్ కాయిల్ పికప్‌కి అది సహజం; సీరియల్ లైట్ల డిమ్మర్లూ ట్యూబులూ దగ్గరుంటే ఇంకా. హమ్‌బకర్ అనే రకం పికప్‌లో రెండు కాయిళ్ళు పక్కపక్కనే, ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి ఉండి ఆ మోతని కొట్టేసుకుంటాయి. తిరిగినా మారకపోతే వైరింగు చూడాలి, ముఖ్యంగా ఎర్త్.

ఎర్త్ దగ్గర నేను నవ్వను. ఒంగోలులో ఒక కల్యాణ మండపం, సౌండు చెకింగ్ జరుగుతోంది. గిటార్ పట్టుకుని పాడే అబ్బాయి మైకుకి పెదవి ఆనించాడు, చుర్రుమని వెనక్కి పడ్డాడు. మల్టీమీటర్ ఒక కొస గిటార్ తీగకి, ఇంకో కొస మైకు జాలీకి పెడితే 90 వోల్టులు దాటి చూపించింది. స్టేజీ మీద సాకెట్టు విప్పితే మూడో కంతకి, అంటే ఎర్త్‌కి, అసలు వైరే లేదు, అందం కోసం పెట్టారు. 'ఇన్నేళ్ళుగా ఎవరికీ ఏం కాలేదే అబ్బయ్యా' అన్నాడు అక్కడి పెద్దాయన. నాదస్వరానికి కరెంటు ఉండదు కదా సామీ అన్నాను.

ఆ రోజు స్టేజీ మొత్తానికి ఒక్క బోర్డే పెట్టా. ఆంపులూ మిక్సరూ అన్నీ దాన్నుంచే, మెయిన్ దగ్గరున్న ఎర్త్ నుంచి వేరే వైరు లాగి. ఆ ఎర్త్ గొయ్యి కూడా బీటలు తీసి ఉంటే రెండు బకెట్ల నీళ్ళు పోయించా. ఆ గోతిలో ఉప్పూ బొగ్గూ వేసేది తడి నిలవడానికీ, కరెంటు మట్టిలోకి తేలిగ్గా పోవడానికీ. మీటరు సున్నా దగ్గరికి వచ్చాకే పాట. ప్లగ్గుకి మూడో పిన్ను విరగ్గొడితే మోత పోతుందని చెప్పే అన్నలు ఉన్నారు. పోతుంది నిజమే. పాడేవాడు కూడా పోవచ్చు.

అపోహ: పోలీసు పర్మిషన్ ఉంటే తెల్లార్లూ వాయించొచ్చు.

కుదరదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ బంద్. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలు ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులకి మించకుండా. ఆరింటికి మొదలుపెట్టండయ్యా. మీరు ఎనిమిదిన్నరకి ట్యూనింగు చేస్తూ కూర్చుంటే నేనేం చెయ్యను?

అపోహ: ఇదంతా పెళ్ళయ్యేదాకా సరదా.

దీన్ని అపోహ అని గట్టిగా అనలేను. మొదటి ఏడాది నేను సౌండు చేసిన బ్యాండులో ఇప్పుడు ఊళ్ళో ఉన్నది ఇద్దరే. బేస్ వాయించే అబ్బాయి బెంగళూరు ఉద్యోగానికి పోతూ, గదిలో చోటు లేదని ఆంప్ నా గోడౌన్లో పెట్టిపోయాడు. 'అన్నా, సంక్రాంతికి వచ్చి తీసుకుంటా' అన్నాడు. రెండు సంక్రాంతులు అయిపోయినాయి. తేమకి లోపల చెడిపోకుండా నెలకోసారి దుమ్ము తుడిచి, స్విచ్చేసి, కాసేపు వేడెక్కనిస్తా. ఎర్త్ ఉన్న సాకెట్టులోనే.