ఓటుంటే పెత్తనం పోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

రాజనీతి శాస్త్రం పాఠం చెబుతుంటాను. వర్ధమాన దేశాల ప్రజాస్వామ్యం గురించి ఏటా కొత్త బ్యాచ్ నోట ఇవే మాటలు వింటాను.

అపోహ: అందరికీ ఓటొస్తే పెత్తనం పోయినట్టే.

వాస్తవం: ఆ ఓటు ఎవరి కళ్లెదుట వేస్తున్నారో చూడాలి. చిలీలో 1958 దాకా ఏ పార్టీ బ్యాలెట్ కాగితం ఆ పార్టీయే అచ్చు వేసుకునేది. పెద్ద ఎస్టేట్లలో ఇంక్విలినోలనే పనివాళ్లుండేవారు. ఉండే ఇల్లు, దున్నుకునే చిన్న చెక్క భూస్వామివే. ఎన్నికల రోజున వాళ్ల చేతిలో కాగితం పెట్టేదీ ఆయన మనుషులే. కాదంటే గూడు పోతుంది. 1958లో అభ్యర్థులందరి పేర్లతో ప్రభుత్వమే ఒకే బ్యాలెట్ అచ్చు వేసింది, దాంతో ఎవరు ఎవరికి ఓటేశారో భూస్వామికి తెలిసే దారి మూసుకుపోయింది. అప్పటి నుంచి ఇంక్విలినోలు ఎక్కువున్న చోట్ల భూస్వాములు వెనకేసుకొచ్చిన మితవాద (రైట్‌వింగ్) పార్టీల ఓట్లు బాగా పడిపోయాయి. భూమి మాత్రం అప్పటికి ఇంకా అదే చేతుల్లో ఉండేది!

అపోహ: అసలు జబ్బు నిరక్షరాస్యత.

వాస్తవం: పైన చెప్పిన చిలీ ఓటర్లు చట్టం లెక్కన చదవను, రాయను వచ్చినవాళ్లే. 1970 రాజ్యాంగ సవరణ దాకా అక్కడ చదువురానివాళ్లకు ఓటే లేదు. పెరూ 1979 రాజ్యాంగంతో, బ్రెజిల్ 1985లో గానీ ఆ అడ్డు తీయలేదు. 1951 జనగణన నాటికి భారత్‌లో అక్షరాస్యత 18 శాతం చిల్లర. అయినా మొదటి సార్వత్రిక ఎన్నికల్లోనే వయోజనులందరికీ ఓటుంది. 'ముందు చదువు, తర్వాత ఓటు' అనే వాదన పెత్తందార్లకే ఎక్కువ కలిసొచ్చిందని నా అనుమానం.

అపోహ: వేళకు ఎన్నికలు జరిగితే చాలు.

వాస్తవం: మెక్సికోలో వేళకే జరిగేవి. 1929 నుంచి 2000 దాకా అధికారం మాత్రం ఒకే పార్టీది (మధ్యలో రెండుసార్లు పేరు మార్చుకుందనుకోండి).

అపోహ: పేదలు ఓటు అమ్ముకుంటారు, తప్పు వాళ్లదే.

వాస్తవం: హక్కుగా రావాల్సిన పింఛను, ఆసుపత్రి పడక ఒక పెద్దమనిషి సిఫారసు మీదే దొరికే చోట ఆయన్ని ఎవరు కాదనుకుంటారు? పేద కుటుంబాలకు నగదు సాయం చేయడానికి బ్రెజిల్ 2003లో తెచ్చిన బోల్సా ఫమీలియా పథకంలో సొమ్ము కార్డు మీద నేరుగా, ఎక్కువగా ఇంటి ఆడవాళ్లకే చేరేది. స్థానిక నాయకుడి చేయి పడే వీలు ఆ మేరకు తగ్గింది. పేర్ల నమోదు మాత్రం మున్సిపాలిటీల దగ్గరే ఉంది. అందుకే ఏ పథకాన్ని పరిశీలించడానికి వెళ్లినా మా విద్యార్థులను ముందు ఇదే అడగమంటాను: జాబితాలో పేరు ఎవరు రాస్తారు, ఎవరు కొట్టేస్తారు?