తుంటి వ్యాయామాలు: పేరు కాదు, కాలు ఉన్న తీరు ముఖ్యం

అపోహ: తుంటి పక్కనుండే గ్లూటియస్ మీడియస్ కండరానికి క్లామ్‌షెల్‌ను (పక్కకు పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు కలిపి ఉంచి పై మోకాలిని తెరవడం) మించింది లేదు.

వాస్తవం: మొదటి మెట్టుగా మంచిదే. కండరం పూర్తి బలంతో బిగిసినప్పుడు వచ్చే విద్యుత్ సంకేతాన్ని 100గా పెట్టుకుని, వ్యాయామంలో వచ్చేదాన్ని దానితో పోలుస్తారు. అదే ఈఎంజీ శాతం. 2009లో వచ్చిన ఒక పోలికలో ఈ కండరానికి క్లామ్‌షెల్ 40 దగ్గరే ఆగింది. ఒంటికాలి స్క్వాట్ 64, కాళ్లకు సాగే బ్యాండ్‌ వేసుకుని పక్క నడక 61. పక్కకు పడుకుని కాలెత్తడం, చూడ్డానికి ఏమీ లేనట్టుండే వ్యాయామం, 81! అయితే క్లామ్‌షెల్‌కు ఒక సుగుణం ఉంది: తుంటి ముందువైపు ఉండే టీఎఫ్ఎల్ కండరం ఇందులో పెద్దగా జోక్యం చేసుకోదు. అది ముందే బిగుసుకునేవారికి ఇక్కడే మొదలుపెట్టడం మేలు.

అపోహ: పక్కకు పడుకుని కాలెత్తేటప్పుడు, కాలు ఎంత పైకి లేస్తే అంత లాభం.

వాస్తవం: సుమారు 30 డిగ్రీలు చాలు. ఆపైన లేచేది కాలు కాదు, కటి. పని నడుము పక్క కండరాలకు పోతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇంకోటి: పై తుంటి వెనక్కి దొర్లి, కాలివేళ్లు పైకప్పు వైపు తిరుగుతాయి. అప్పుడు భారం టీఎఫ్ఎల్ మీద పడుతుంది. మంట తొడ ముందువైపు పుడితే అనుమానించాల్సింది దీన్నే. గోడకు వీపు ఆనించి పడుకోండి. కాలివేళ్లు కాస్త నేల వైపు తిప్పి, మడమను గోడకు నొక్కుతూ పైకి జార్చండి. పైన 2 సెకన్లు ఆపి, 3 సెకన్లలో దించండి. కటి కదలకుండా 12 సార్లు వచ్చాకే బరువు కట్టాలి.

అపోహ: బ్రిడ్జ్‌లో (వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం) తొడ వెనక పట్టేస్తే పిరుదులు బలహీనమనే అర్థం.

వాస్తవం: చాలాసార్లు పాదాలు దూరంగా ఉండటమే కారణం. మడమల్ని పిరుదుల దగ్గరికి లాగితే తొడ వెనక కండరాలు పొట్టిగా మారి పట్టు కోల్పోతాయి, పిరుదులు పని అందుకుంటాయి.

అపోహ: ఈఎంజీ శాతం ఎక్కువుంటే కండరం ఎక్కువ పెరుగుతుంది.

వాస్తవం: హిప్ థ్రస్ట్‌లో (వీపు బెంచీకి ఆనించి, తుంటి మీద బరువుతో పైకెత్తడం) పిరుదుల సంకేతం స్క్వాట్‌ కంటే ఎక్కువ వస్తుంది. అయినా 2023లో, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారిపై 9 వారాలు చేసిన పరీక్షలో రెండింటితోనూ పిరుదుల పెరుగుదల దాదాపు సమానమే. ఒక్క రోజు సంకేతం నెలల ఫలితం చెప్పదు. పైగా చర్మం మీద అంటించే ఎలక్ట్రోడ్ పక్క కండరం సంకేతాన్నీ పట్టేస్తుంది.